వెండి రంగు కారుకు గీతలు పడితే స్ప్రే డబ్బాతో ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ఇది. చిత్తూరులో మీ ఇంటి గేటు స్తంభానికి కారు రాసుకుంది. వెనుక తలుపు నడుమ జానెడు పొడవున గీత పడింది, తలుపుల కింద పొడవుగా ఉండే రేకు దగ్గర రంగు పెచ్చులుగా లేచి ఇనుము బయటపడింది, ప్లాస్టిక్ బంపరు మూల కూడా గీసుకుపోయింది. కారుది వెండి రంగు. తలుపుకూ బంపరుకూ పూర్తిగా రంగు వేయాల్సిందేనని షెడ్డువారు అన్నారు కాబట్టి, ఆ ఖర్చు లేకుండా స్ప్రే డబ్బాలతో ఇంట్లోనే చేసుకోవచ్చా అని అడిగారు.

చేసుకోవచ్చు, కాని మూడు చోట్లకూ జవాబు ఒకటి కాదు. కింది రేకును మీరే చేసుకోండి, అదీ ఆలస్యం చేయకుండా. బంపరు మూలను ప్రయత్నించి చూడండి. తలుపు నడుమ ఉన్న గీత మీదకు మాత్రం రంగు డబ్బా తీసుకుపోకండి. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి ముందర, ఇదే వెండి రంగు కారు మీద, రెండుసార్లు చెడగొట్టి మూడోసారి ఒక దారికి తెచ్చుకున్నవాణ్ణి కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇన్సూరెన్సు క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనసు, అంటే ప్రీమియంలో దొరికే తగ్గింపు, పోతుందేమోనన్న మీ సందేహం సరైనదే. ఏ క్లెయిమూ లేకపోతే సొంత వాహన నష్టానికి కట్టే ప్రీమియంలో మొదటి ఏడాది తరువాత 20 శాతం, ఆపైన 25, 35, 45 అంటూ ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగే బోనసు, దానిని కాపాడే అదనపు కవరు తీసుకోనివారికి, ఒక్క చిన్న క్లెయిముతోనే సున్నాకు పడిపోతుంది. ఒక గీత కోసం దానిని పోగొట్టుకోవడం నాకు లెక్కకు రాలేదు.

ఇప్పుడు గీతను పరీక్షించండి. గేటు స్తంభానికి రాసుకున్న చోట మనకు కనబడే తెలుపులో సగం కారు గీత కాదు, స్తంభానికి వేసిన రంగే కారుకు అంటుకుని ఉంటుంది. మెత్తని గుడ్డకు కాస్త రబ్బింగ్ కాంపౌండ్ (పై పూతను సన్నగా అరగదీసి మెరుగుపెట్టే ముద్ద) తీసుకుని రుద్దితే అది పోతుంది. మా కారు విషయంలో అలా రుద్దిన తరువాత చూస్తే జానెడు గీత బెత్తెడుకు తగ్గింది. మిగిలిన గీత మీద నీళ్లు చల్లి చూడండి. తడి ఉన్నంతసేపు అది కనబడకుండా పోతే దెబ్బ పై పూతకే తగిలింది. అడ్డంగా గోరు నడిపినప్పుడు గోరు తట్టుకుంటే మాత్రం ఇంకా లోతుకు వెళ్లిందని అర్థం.

లోతు అన్న మాటను కొంచెం వివరించాలి. కార్ఖానాలో రేకు మీద వేసే పూతలన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే దాదాపు రెండు తలవెంట్రుకలంత. అడుగున తుప్పు పట్టకుండా రేకును ద్రావణంలో ముంచి విద్యుత్తుతో పట్టించే పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన 40, 50 మైక్రాన్ల పారదర్శకమైన క్లియర్ కోటు ఉంటాయి. మనం చూసే నిగనిగ అంతా ఆ క్లియర్ కోటుదే. దాని కింద ఉన్న వెండి రంగు పొర వట్టిగా చూస్తే వెలవెలబోతూ ఉంటుంది. గీత క్లియర్ కోటులోనే ఆగిపోతే రంగు వేయనక్కరలేదు, కాంపౌండుతో మెరుగు పెడితే చాలు. ఇనుము కనబడితే మాత్రం అక్కడ అందం సంగతి తరువాత, ముందు తుప్పును ఆపాలి. అందుకే కింది రేకును ఆలస్యం చేయవద్దన్నాను.

రంగు కొనడానికి వెళ్లి “వెండి రంగు ఇవ్వండి” అని అడగడం నేను చేసిన మొదటి తప్పు. ఒకే కంపెనీ వేర్వేరు ఏళ్లలో వేర్వేరు వెండి రంగులు వాడుతుంది. తలుపు తెరిస్తే కనబడే స్తంభం మీదనో, బానెట్ కిందనో అంటించిన చీటీలో రంగు కోడ్ ఉంటుంది. ఆ కోడ్ ప్రకారం రంగు కలిపి డబ్బాలో నింపి ఇచ్చే దుకాణాన్ని వెతుక్కోండి. తెచ్చిన డబ్బాను నేరుగా కారు మీద కొట్టకండి. నేను ఒక పాత పెళ్లిపత్రిక వెనుకవైపు కొట్టి, సగానికి క్లియర్ వేసి, ఆరిన తరువాత తలుపు పక్కన పట్టుకుని నీడలోనూ ఎండలోనూ చూశాను. ఐదేళ్లు ఎండకు నిలిచిన కారు రంగు కోడ్‌లో ఉన్న రంగుకు కాస్త దూరం జరిగి ఉంటుంది కనుక, ఆ తేడా ఎంతో ముందే తెలియడం మంచిది.

ఇక కాలం. మన వైపు ఈ పనిని ఎక్కువగా చెడగొట్టేది మన చేతులకన్నా గాలి అని నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటిసారి నవంబరులో చేశాను. ఈశాన్య రుతుపవనాల వానలు రెండు రోజులు తెరిపి ఇస్తే అదే అదననుకుని సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాను. క్లియర్ కోటు వేసిన పది నిమిషాలకు దాని మీద మజ్జిగ చల్లినట్లు తెల్లని పొర కమ్మింది. డబ్బాలోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, తడి గాలిలోని నీరు ఆ చల్లదనానికి పూత మీద దిగుతుంది, అదే ఆ తెలుపు. పైగా అది కార్తీక మాసం, వాకిట్లో తులసికోట దగ్గర దీపం పెట్టే వేళ. ఈ డబ్బాల్లోని వాయువు మండే స్వభావం గలదని మా ఇంట్లోవాళ్లు గుర్తు చేసేదాకా నాకు తట్టలేదు. రెండోసారి ఆ భయంతో మే నెలలో చేస్తే, వేడెక్కిన రేకు మీద రంగు తుంపరలు పూర్తిగా పరుచుకోకముందే ఆరిపోయి ఇసుక చల్లినట్లు గరుకుదేలింది. మూడోసారి ఫిబ్రవరిలో, మంచు విడిచిన తరువాత ఉదయం తొమ్మిదికి, గాలి లేని రోజున, కారును నీడలో పెట్టి చేశాను. రేకు మీద అరచేయి ఆనిస్తే చల్లగానూ కాలేలాగానూ ఉండకూడదు. డబ్బాలను కారులో వదిలి వెళ్లకండి. 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదముందని వాటి మీదే రాసి ఉంటుంది, ఎండలో మూసి ఉంచిన కారులో అంత వేడి రావడం మన ఊళ్లలో పెద్ద విషయం కాదు.

కింది రేకు పనిని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు శ్రమ అక్కడే ఉంది. ఆ చోటును సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. లేచిన పెచ్చులను, తుప్పును 120 నంబరు గరుకు కాగితంతో (సాండ్ పేపరు) తెల్లని ఇనుము కనబడేదాకా రుద్దండి. తుప్పు చుక్క ఒక్కటి మిగిలినా మరుసటి వానాకాలానికి రంగు కింద పొక్కుగా లేస్తుంది. ఇనుము బయటపడిన ఈ దశలో నీళ్లు తగలనివ్వకండి, పొడిగానే రుద్దండి. తరువాత 320 నంబరుతో చుట్టూ పాత రంగు అంచును పల్చబరచాలి: కళ్లు మూసుకుని వేలు నడిపితే ఎక్కడా మెట్టు తగలకూడదు. నేను మొదటిసారి ఈ మెట్టును లప్పం కప్పేస్తుందనుకున్నాను, రంగు మీద రంగు కప్పేస్తుందనుకున్నాను. నిగనిగలాడే క్లియర్ వేసిన తరువాత ఆ మెట్టు ఇంకా స్పష్టంగా కనబడింది.

రుద్దడం పూర్తయ్యాక జిడ్డు తుడవాలి. డాష్‌బోర్డుకు, టైర్లకు రాసే మెరుపు ద్రవాలలో సిలికాన్ ఉంటుంది, దాని జాడ ఉన్న చోట రంగు నిలవకుండా చిన్న చిన్న గుంటలుగా విచ్చుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆపైన వేళ్లు తగలకుండా చూసుకోండి. తలకు నూనె రాసుకున్న చేతులతో అసలే వద్దు. వట్టి ఇనుము మీద ముందు తుప్పును నిరోధించే ప్రైమర్ పల్చగా వేయండి, గుంటలుంటే ఆ ప్రైమర్ ఆరిన తరువాతే దాని మీద సన్నగా లప్పం పెట్టండి. లప్పం నీటిని పీల్చుకుంటుంది కాబట్టి అది వట్టి ఇనుమును తాకకూడదు, దాని మీద మళ్లీ ప్రైమర్ లేకుండా నీళ్లతో రుద్దకూడదు. ప్రైమర్ రెండు మూడు పల్చని పూతలు వేసి, రాత్రంతా ఆరనిచ్చి, ఇప్పుడు 800 నంబరు వాటర్ పేపరుతో తడిపి నునుపు చేయండి. ఆ రేకు అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, వాటిని లప్పంతోనో రంగుతోనో మూసేయకండి. మూస్తే తుప్పు ఈసారి లోపలినుంచి వస్తుంది.

రంగు వేసే ముందు చుట్టూ దినపత్రికలు కప్పి టేపు వేస్తారు కదా, ఆ టేపును రంగు అంచుకు గట్టిగా అదిమి అంటిస్తే గీత గీసినట్లు ఒక గట్టు మిగులుతుంది. టేపు అంచును వెనక్కి మడిచి, కొంచెం లేచి ఉండేలా పెడితే రంగు అంచు మెల్లగా కలిసిపోతుంది. అంతకన్నా మంచిది, రేకు ఎక్కడ మడత తిరుగుతుందో అక్కడిదాకా రంగును తీసుకుపోయి ఆపడం. మడత దగ్గర వెలుగు ఎలాగూ మారుతుంది కనుక కన్ను తేడాను పట్టదు. కింది రేకును మీరే చేయండి అనడానికి ఇది రెండో కారణం. తలుపు నడుమ ఆ సౌకర్యం లేదు, నాలుగు వైపులా ఒకే వెలుగు పడుతుంది.

వెండి రంగుతో వచ్చే అసలు చిక్కు ఏమిటో మా వీధి చివర టింకరింగ్ షెడ్డులో పనిచేసే ఒక పెద్దాయన ద్వారా తెలిసింది. నేను వేసిన చోటు పక్కకన్నా నల్లగా కనబడుతోందని, దుకాణంవాడు తప్పు రంగు ఇచ్చాడని ఆయనతో వాదించాను. ఆయన డబ్బా తీసుకుని నా పెళ్లిపత్రిక మీదే రెండు చోట్ల కొట్టి చూపించాడు. “రంగు సరిగ్గానే ఉంది సామీ, మీరే ఒక్కసారిగా తడిపేసినారు. మంచు రాలినట్ల కొట్టండి, ఆరనీండి, మళ్లా కొట్టండి” అన్నాడు. ఈ రంగులో సన్నని అల్యూమినియం రేకలుంటాయి. తడిగా ఎక్కువ వేస్తే అవి అడుగుకు దిగి అడ్డదిడ్డంగా నిలిచి రంగు నల్లబడుతుంది, పొడిపొడిగా వేస్తే పైన పరుచుకుని తెల్లబడుతుంది. అంటే ఒకే డబ్బానుంచి చేతి వేగాన్ని బట్టి రెండు మూడు రంగులు వస్తాయి. రంగు డబ్బాను రెండు నిమిషాలు బాగా కుదిపి, జానెడు దూరంలో, రేకుకు సమాంతరంగా చేతిని నడుపుతూ, రేకు దాటిన తరువాతే నొక్కు వదలండి. ఒక్కో పూతకు నడుమ పది పదిహేను నిమిషాలు ఆగండి. ఆరిన వెండి రంగును కాగితంతో రుద్దవద్దు, ఆ రేకలు చెదిరి మచ్చ పడుతుంది.

క్లియర్ కోటులో రెండు రకాలున్నాయి. మామూలుగా ఆరిపోయే 1కె డబ్బా ఒకటి, అడుగున మీట నొక్కితే గట్టిపరిచే ద్రవం లోపల కలిసే 2కె డబ్బా మరొకటి. రెండోది పెట్రోలు పడినా చెదరనంత గట్టిది, కాని దానిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చాలా హాని చేస్తాయి. మూతికి చేతిరుమాలు కట్టుకోవడం దానికి రక్షణ కాదు, రసాయన ఆవిరిని వడకట్టే డబ్బాలున్న మాస్కు కావాలి. నేను ఇంటి ముందర, పిల్లలు తిరిగే చోట దానిని వాడలేక 1కెతోనే సరిపెట్టుకున్నాను. కింది రేకుకు అది చాలింది. మూడు పూతలు వేసి, వారం రోజులు వదిలేసి, 2000 నంబరు వాటర్ పేపరుతో తేలికగా రుద్ది, కాంపౌండుతో మెరుగు పెట్టాను. ఆ వారంలో కారును కడగకండి.

బంపరుకు ఇదే పద్ధతి, ఒక్క తేడాతో: ప్లాస్టిక్కుకు రంగు అంటుకోవడానికి వేరే ప్రైమర్ వేయాలి. అది వేయకపోతే నెల రోజుల్లో రంగు పొరగా ఊడి వస్తుంది.

కాణిపాకంలోనో మరోచోటో వాహన పూజ చేయించే ఆలోచన ఉంటే ఒక నెల ఆగండి, లేదా బొట్లు పాత రంగు మీద పెట్టించండి. మా కారు కొత్త క్లియర్ మీద తడి పసుపు కుంకుమలు ఒక్క పగలు ఎండలో ఉండేసరికి పడిన మరక కాంపౌండుకు కూడా పూర్తిగా పోలేదు.

నాకు డబ్బాలు, కాగితాలు, కాంపౌండు, చెడగొట్టినవాటితో కలిపి రెండు వేల రూపాయల చిల్లర అయింది. కింది రేకు దగ్గర వంగి చూస్తే తప్ప తేడా తెలియదు. తలుపు నడిమి గీతను చివరికి ఆ పెద్దాయనకే అప్పగించాను. ఆయన గీత ఉన్న చోట మాత్రమే రంగు వేసి, క్లియర్‌ను తలుపంతా కొట్టాడు. మీరూ అలాగే ఇచ్చేటట్లయితే, కింద మీరు వేసినది 1కె పూత అని పెయింటరుకు ముందే చెప్పండి. తెలియక దాని మీదకు 2కె కొడితే అందులోని తిన్నరుకు మీ పూత ముడతలు పడి లేస్తుంది, అప్పుడు అదంతా గీకి మళ్లీ మొదటినుంచి చేయాల్సి వస్తుంది.