సర్టిఫికెట్ గడువులోగా ఇవ్వకపోతే అధికారికి నిజంగా జరిమానా పడుతుందా?

పడుతుంది, కానీ దానంతట అదే పడదు. ప్రభుత్వ సేవలు గడువులోగా అందించాలి, లేదంటే బాధ్యుడైన అధికారి మూల్యం చెల్లించాలి అనే చట్టం దేశంలో మొదట తెచ్చింది మధ్యప్రదేశ్, 2010లో. తర్వాత బీహార్, కర్ణాటక లాంటి చాలా రాష్ట్రాలు అదే దారిలో వెళ్లాయి. కేంద్రం కూడా 2011లో లోక్‌సభలో బిల్లు పెట్టింది గానీ, 2014లో సభ రద్దవడంతో అది మురిగిపోయింది. అందుకే ఇప్పటికీ ఏ సేవకు ఎన్ని రోజులు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

అసలు కీలకం రసీదు. దరఖాస్తు ఇచ్చిన తేదీ, పని పూర్తి కావాల్సిన తేదీ కాగితం మీద ఉంటేనే ఆలస్యం అయిందని చూపించగలం. కర్ణాటకలో ఈ చట్టాన్ని అమలు చేసే 'సకాల' పథకంలో ప్రతి దరఖాస్తుకూ 15 అంకెల నంబరు ఇస్తారు, దాంతో ఫైలు ఎవరి దగ్గర ఆగిందో తెలుసుకోవచ్చు. "రేపు రండి" అని నోటిమాటతో పంపేస్తే మాత్రం మన చేతిలో ఏమీ ఉండదు, కాబట్టి రసీదు లేకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.

గడువు దాటితే పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే రెండోది. మధ్యప్రదేశ్‌లో ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 5,000 వరకు జరిమానా వేయొచ్చు, అందులోంచి దరఖాస్తుదారుకి పరిహారం కూడా ఇప్పించవచ్చు. కర్ణాటకలో దరఖాస్తుదారుకి ఇచ్చే పరిహారం రోజుకు 20 రూపాయలే, అదీ 500 మించదు. నా దృష్టిలో ఇది మరీ తక్కువ, ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆఫీసుకొచ్చిన మనిషికి దానితో ఏం పూడుతుంది?