కండక్టర్ లేకుండా చాంబర్ ఆర్కెస్ట్రా ఎలా వాయిస్తుంది?

ముందు కర్ర పట్టుకుని నిలబడే కండక్టర్ లేకపోతే చాంబర్ ఆర్కెస్ట్రా అనే చిన్న వాద్యబృందంలోని పదిహేను, ఇరవై మంది ఒకేసారి ఎలా మొదలుపెడతారన్నది ప్రశ్న. జవాబు మొదటి వయొలిన్ వాయించేవారి దగ్గర ఉంది. వాళ్లు ఊపిరి తీసుకుంటూ బో (తీగల మీద లాగే కమాను) పైకెత్తే వేగంలోనే రాబోయే లయ తెలిసిపోతుంది. మిగతావాళ్లు ఆ బో కొసను, ఆ భుజాన్ని చూస్తుంటారు. మధ్యలో లయ నెమ్మదిస్తే చెల్లో, డబుల్ బేస్ అనే పెద్ద, మంద్రస్వర తీగవాద్యాల వైపు చెవి పెడతారు. కింది స్వరం కదిలే తీరే అందరికీ ఆధారం.

న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ చాంబర్ ఆర్కెస్ట్రాలో నాయకత్వం కూడా కృతిని బట్టి మారుతుంది. ఆస్ట్రేలియన్ చాంబర్ ఆర్కెస్ట్రాలో వయొలిన్, దానికన్నా కాస్త పెద్దదైన వయోలా వాళ్లు నిలబడే వాయిస్తారు. ఒళ్లు కదలడానికి వీలుంటుంది కాబట్టి సైగలు స్పష్టంగా అందుతాయి. మన కర్ణాటక కచేరీలకు అలవాటుపడ్డ కళ్లకు ఇది కొత్తగా ఉంటుంది.

నా దృష్టిలో అసలు కష్టం టూర్‌లోనే. ఒక హాల్లో శబ్దం చాలాసేపు మోగుతుంది, ఇంకో హాల్లో వెంటనే ఆగిపోతుంది. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 1880లో తీగవాద్యాల కోసమే రాసిన సెరెనేడ్ అనే కృతి ఆరంభం చాలా దట్టంగా ఉంటుంది. మోత ఎక్కువున్న హాల్లో స్వరాలను కాస్త విడదీసి వాయించకపోతే అన్నీ కలగలిసిపోతాయి. అందుకే కచేరీకి ముందు ఖాళీ హాల్లో రిహార్సల్ చేస్తారు, ఒకరు వెనక వరసల్లోకి వెళ్లి విని వస్తారు. జనం నిండాక మోత తగ్గుతుంది, అదీ లెక్కలో పెట్టుకోవాలి.

ఇక చెల్లోకు విమానంలో విడిగా సీటు కొంటారు. డబుల్ బేస్ సీట్లో పట్టదు, గట్టి పెట్టెలో కార్గోలో వెళ్తుంది, లేదంటే వెళ్లిన ఊళ్లోనే అద్దెకు తీసుకుంటారు.