ఇంజను కన్నా ముందు పట్టాలు చూడండి

బొమ్మ రైళ్లు, నమూనా రైళ్ల ఎంపిక గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా పాపకు వచ్చే నెలలో రెండున్నర ఏళ్లు నిండుతాయి. పుట్టినరోజుకు పట్టాల మీద తిరిగే రైలు కొనిపెట్టాలని మా అత్తమామలు ముచ్చటపడుతున్నారు. దుకాణంలో చూపించిన సెట్టులో లైటు, కూత, పొగ అన్నీ ఉన్నాయి. ఇంత చిన్న పిల్లకు అది ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇప్పుడు వద్దనే చెబుతాము. లైటు, కూత, పొగ కొనేవారిని ఆకట్టుకోవడానికి పెట్టిన హంగులు. రెండున్నర ఏళ్ల పిల్లకు రైలును చూడటం కన్నా దాన్ని పట్టుకుని తోయడంలోనే ఆనందం ఉంటుంది. మోటారుతో తనంతట తాను తిరిగే బండిని ఆ వయసు పిల్లలు చేత్తో అదిమి ఆపుతారు, వెనక్కి నెడతారు. అలా నాలుగు రోజులు చేస్తే లోపలి ప్లాస్టిక్ పళ్ల చక్రాలు అరిగిపోయి, మోటారు తిరుగుతున్నా బండి కదలదు.

అంతకన్నా ముఖ్యమైనది భద్రత. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించేటప్పుడు 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే భాగం ఏది ఊడి వచ్చినా అది గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే. కూత వినిపించే బొమ్మల్లో తరచుగా ఉండే బటన్ సెల్లు మరీ ప్రమాదకరం, ఎందుకంటే అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి పొరను తీవ్రంగా కాల్చగలదు. కాబట్టి సెల్లుల అర మూతకు స్క్రూ లేని బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా దుకాణంలోనే వదిలేయండి. బోగీలను కలిపే అయస్కాంతాలు చెక్కలో గాని ప్లాస్టిక్‌లో గాని గట్టిగా బిగించి ఉన్నాయో లేదో వేలితో లాగి చూడండి. రెండు అయస్కాంతాలను మింగితే అవి పేగు గోడల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుని శస్త్రచికిత్స దాకా తీసుకువస్తాయి.

మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఆ గుర్తు కోసం అట్టపెట్టె మీద వెతకండి. రంగు విషయం కూడా పట్టించుకోవాలి. 2007లో అమెరికాలో సుమారు 15 లక్షల చెక్క రైలు బొమ్మలను, పై పూతలో సీసం ఉందని తేలడంతో, మార్కెట్టు నుంచి వెనక్కి రప్పించారు. పిల్లలు చెక్క బొమ్మను నోట్లో పెట్టుకోక మానరు కదా! మీకు దగ్గరలోనే దొరికే ఏటికొప్పాక బొమ్మల్లో తాడు కట్టి లాగే రైలు బండ్లు ఉంటాయి. అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కలో సహజ రంగులు కలిపి పూస్తారు. చక్రం ఇరుసు నుంచి ఊడిరాదని చూసుకుని అలాంటిదొకటి కొంటే అత్తమామల ముచ్చట తీరుతుంది. మూడేళ్లు దాటాక చెక్క పట్టాల సెట్టుకు వెళ్లండి. స్వీడన్‌కు చెందిన బ్రియో సంస్థ 1958లో తెచ్చిన గాడి పట్టాల కొలతకు దగ్గరగానే చాలా సంస్థలు నేటికీ చెక్క పట్టాలు చేస్తున్నాయి కాబట్టి, ఈ రోజు కొన్న ముక్కలకు రేపు మరొక చోట కొన్నవి కలుస్తాయి.

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకు సెల్లులతో నడిచే రైలు సెట్టు కొన్నాను. వారం తిరగకముందే విసుగొచ్చి మూలన పడేశాడు. బండి తరచూ పట్టాలు తప్పుతోంది కూడా. ఈసారి ఇంకా ఖరీదైనది కొనమంటారా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఖరీదు పెంచినంత మాత్రాన విసుగు తగ్గదు. ఒకే గుండ్రని దారిలో తిరిగే రైలును ఆరేళ్ల పిల్లవాడు ఎన్నిసార్లు చూస్తాడు? ఆ వయసులో ఆట అంతా దారి వేయడంలోనే ఉంటుంది: ఈ దారి మంచం కింద నుంచి పోవాలి, ఇక్కడ రెండుగా చీలాలి, అక్కడ వంతెన ఎక్కాలి. మీరు కొన్న సెట్టుకు అదనపు పట్టాలు, రైల్వేవాళ్లు పాయింట్లు అనే దారి మళ్లించే ముక్కలు విడిగా దొరుకుతాయా అని దుకాణదారుని అడగండి. దొరకవంటే ఆ సెట్టు కథ అక్కడితో ముగిసినట్టే. జపాన్‌లో 1959లో మొదలైన ప్లారైల్ అనే ప్లాస్టిక్ బొమ్మ రైలు నీలిరంగు పట్టాలకు నేటి పట్టాలు కూడా అతుకుతాయి. ఎనిమిది వంపు ముక్కలతో ఒక వృత్తం పూర్తవుతుంది, ఇంజను ఒక్క ఏఏ సెల్లుతో నడుస్తుంది. ఇలా పట్టాల కొలత మారని సెట్టు ఏ సంస్థదైనా సరే, ముందుగా చిన్నది కొని, తరువాత పండుగకో పుట్టినరోజుకో రెండు పాయింట్లు, నాలుగు తిన్నని ముక్కలు చేర్చుకుంటూ పోవచ్చు.

పట్టాలు తప్పడానికి కారణం చాలావరకు బండిలో ఉండదు. పట్టాల మీద కన్ను ఆనించినట్టు నేల మట్టానికి వంగి చూడండి. రెండు ముక్కలు కలిసే చోట గోరు తగిలేంత ఎత్తుపల్లం ఉంటే చక్రం అక్కడే ఎగురుతుంది. తివాచీ మీద, చాప మీద వేసిన పట్టాలు బండి బరువుకు కుంగుతాయి. గచ్చు మీద వేసి చూడండి. చక్రాల ఇరుసులకు తల వెంట్రుకలు చుట్టుకుని ఉంటే చిమ్టాతో తీసేయండి. ఈ మూడూ చేశాక కూడా తప్పుతుంటే అప్పుడు బండిని అనుమానించవచ్చు.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇంట్లో పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గది ఒకటి ఖాళీగా ఉంది. పదకొండేళ్ల మనవడితో కలిసి మన రైళ్ల నమూనాలు నడపాలని కోరిక. హెచ్‌ఓ కొనాలా, ఎన్ కొనాలా? డిజిటల్ కంట్రోలు తప్పనిసరా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ ప్రశ్న ఈ నెల వచ్చిన వాటిలో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది కాబట్టి కాస్త విస్తరంగా రాస్తున్నాము.

హెచ్‌ఓ అంటే అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ అంటే 160వ వంతు, పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. అంకెలు ఇలా చెబితే తేడా తెలియదు. మీకు బాగా తెలిసిన లాలాగూడ షెడ్డు డబ్ల్యూఏపీ-7 ఇంజను హెచ్‌ఓలో దాదాపు 24 సెంటీమీటర్లు, ఎన్‌లో 13 సెంటీమీటర్లు ఉంటుంది. ఎల్‌హెచ్‌బి అనే కొత్త తరహా బోగీ ఒక్కొక్కటి హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు, ఎన్‌లో 15కు కొద్దిగా తక్కువ. ఆ లెక్కన 22 బోగీల ఎక్స్‌ప్రెస్ పూర్తిగా కావాలంటే హెచ్‌ఓలో ఆరు మీటర్లు దాటుతుంది. ఎన్‌లో కూడా మీ గది గోడ కన్నా పొడవే. నమూనా రైళ్లవాళ్లు అందుకే ఆరేడు బోగీలతో సరిపెట్టుకుంటారు.

అసలు చిక్కు వంపులతో వస్తుంది. బండి నమ్మకంగా తిరగాలంటే వంపు వ్యాసార్ధం అతి పొడవైన బోగీకి కనీసం రెండున్నర రెట్లు ఉండాలన్నది ఈ అభిరుచి ఉన్నవారు పాటించే లెక్క. 27 సెంటీమీటర్ల బోగీకి అది 68 సెంటీమీటర్లు. చాలామంది నాలుగడుగులు, ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చి, దాని మీద హెచ్‌ఓ పట్టాలు పరిచేస్తారు. నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు. అందులో 56కు మించిన వ్యాసార్ధం పట్టదు. పొడవైన బోగీలు ఆ వంపులో ఒకదాన్నొకటి పక్కకు లాగి పడిపోతాయి. మార్కెట్టులో దొరికే ఆరంభ సెట్లలో వంపు వ్యాసార్ధం 37 నుంచి 46 సెంటీమీటర్ల దాకానే ఉంటుంది. అవి పొట్టి బోగీలకు చేసినవి.

కాబట్టి మీ గదికి మా సలహా ఇది: నడుమ బల్ల వేయకండి, గోడల వెంబడి అల్మారా పలకలాగా బల్ల కట్టించండి. నాలుగు గోడల చుట్టూ 75 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో మూలలు తిప్పినా దాదాపు పది మీటర్ల దారి వస్తుంది, మీరు, మనవడు నడుమ కూర్చుని నడపవచ్చు. తలుపు దగ్గర తీసి పెట్టుకునే చిన్న వంతెన చేయించాలి. అలా కట్టగలిగితే హెచ్‌ఓ తీసుకోండి. మన దేశంలో చిన్న చిన్న తయారీదారులు చేస్తున్న ఐసీఎఫ్ (పాత తరహా), ఎల్‌హెచ్‌బి బోగీల నమూనాలు ఎక్కువగా ఆ కొలతలోనే దొరుకుతాయి. పైగా కళ్లద్దాలతో 9 మిల్లీమీటర్ల పట్టాల మీద బోగీ చక్రాలు ఎక్కించడం ఓపికకు పరీక్ష. ఒకే ఒక బల్లకు మాత్రమే చోటు ఉన్నవారికి ఎన్ మేలు.

మీ వంటివారి కంటికి తప్పక తగిలే లోపం ఒకటుంది, ముందే చెప్పడం మంచిది. 16.5 మిల్లీమీటర్లను 87తో గుణిస్తే 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజి వస్తుంది. మన బ్రాడ్ గేజి 1676. దాన్ని సరిగ్గా కుదిస్తే 19.3 మిల్లీమీటర్ల పట్టాలు కావాలి, అవి బజారులో దొరకవు. అందువల్ల మన ఇంజను నమూనాను ముందు నుంచి చూస్తే చక్రాలు దగ్గరగా జరిగినట్టు కనిపిస్తాయి. బ్రిటన్‌లో 76వ వంతు బండ్లను ఇవే 16.5 పట్టాల మీద 1930ల నుంచి నడుపుకుంటూ సర్దుకుపోయారు, మీరూ సర్దుకుపోవాలి. మరీ పట్టింపు అయితే హైదరాబాద్ మెట్రో నమూనా చేసుకోండి, అది స్టాండర్డ్ గేజే కనుక కచ్చితంగా సరిపోతుంది!

బోగీలు కొనేటప్పుడు రంగుల కన్నా ముందు చక్రాలు చూడండి. లోహపు చక్రాలు పట్టాలను తక్కువగా మురికి చేస్తాయి. తరువాత వంటింటి త్రాసు మీద పెట్టి తూచండి. అమెరికాలోని నమూనా రైళ్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సూచించిన లెక్క ప్రకారం 27 సెంటీమీటర్ల హెచ్‌ఓ బోగీ సుమారు 180 గ్రాములు ఉండాలి. చాలా తేలికగా ఉంటే లోపల అడుగున ఇనుప వాషర్లు అతికించి సరిచేయవచ్చు, ఈ పని మనవడికి అప్పగించండి. ఒక దారి మీదుగా మరొక దారి వంతెన వేయాలనుకుంటే మాత్రం లెక్క వేసుకోండి: హెచ్‌ఓలో ఏడున్నర సెంటీమీటర్లు ఎత్తాలి, 50 సెంటీమీటర్ల దారికి ఒక సెంటీమీటరు ఎత్తు చొప్పున ఎక్కితే దానికే మూడు మీటర్ల 75 సెంటీమీటర్ల దారి ఖర్చవుతుంది. ఆ ఆశ మొదట్లో మానుకోండి.

డిజిటల్ కంట్రోలు ఇప్పుడు అవసరం లేదు. మామూలు పద్ధతిలో పట్టాలకిచ్చే డీసీ వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది, ధన రుణాలు తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది. ఒకే దారిలో రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి. డిజిటల్ పద్ధతిలో, అంటే డీసీసీలో, పట్టాలకు విద్యుత్తు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ఆజ్ఞలు ఇంజనులోని డీకోడరు అనే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం అందుకుంటుంది కాబట్టి ఒక్కొక్క ఇంజనును వేరువేరుగా నడపవచ్చు. మీరు ఇంజను కొనేటప్పుడు డీకోడరు పెట్టుకునే సాకెట్టు ఉన్నది ఎంచుకోండి, చాలు. డబ్బు ఖర్చు పెట్టే ముందు వీలైతే పుణెలోని జోషి మినియేచర్ రైల్వేస్ మ్యూజియం ఒకసారి చూసి రండి. బండ్లు, సిగ్నళ్లు కలిసి ఎలా పనిచేస్తాయో అక్కడ కళ్లారా చూడవచ్చు.

ప్రశ్న: విజయవాడలో ఉన్న మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. సంక్రాంతికి వస్తూ ఇక్కడి నుంచి కరెంటుతో నడిచే రైలు సెట్టు తేవాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: మొదట కరెంటు. అమెరికాలో 120 వోల్టులు, ఇక్కడ 230. అడాప్టరు వెనక ఇన్‌పుట్ అన్నచోట 100 నుంచి 240 అని రాసి ఉంటే ఇబ్బంది లేదు. 120 అని మాత్రమే ఉంటే ఇక్కడ స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనాలి. విమానాశ్రయాల్లో అమ్మే పిన్నుల కన్వర్టరు వోల్టేజిని తగ్గించదు, దానితో పెడితే అడాప్టరు కాలిపోతుంది. జపాన్ నుంచి తెచ్చుకునేవారికి కూడా ఇదే మాట, అక్కడ 100 వోల్టులే.

తరువాత పట్టాలు. అమెరికాలో పేరు మోసిన లయొనెల్ సంస్థ ఓ గేజి (హెచ్‌ఓ కన్నా పెద్ద కొలత) సెట్లకు నడుమ మూడో పట్టా ఉంటుంది, ఏసీతో నడుస్తాయి. జర్మనీ మార్క్లిన్ వారి హెచ్‌ఓ కూడా రెండు పట్టాల డీసీ పద్ధతికి కలవదు. అవి మంచివి కావని కాదు గాని, మీ అక్క కొడుకు తరువాత విజయవాడలో గాని హైదరాబాద్‌లో గాని ఒక బోగీ, రెండు పట్టాలు కొనుక్కోవాలంటే దిక్కు ఉండదు, ప్రతిదానికీ మీ రాక కోసం ఎదురుచూడాలి. లయొనెల్ పేరుతోనే ప్లాస్టిక్ పట్టాల మీద సెల్లులతో నడిచే సెట్లు కూడా అమ్ముతారు, వాటి పట్టాలు ఆ సంస్థ ఓ గేజి పట్టాలకే అతకవు. రెండు పట్టాల డీసీ హెచ్‌ఓ సెట్టు తెస్తే వేరే సంస్థల ఇంజన్లు, బోగీలు కూడా దాని మీద నడుస్తాయి. సామానులో చోటుంటే రెండో ఇంజను బదులు పాయింట్ల జత తీసుకురండి.

ప్రశ్న: రెండేళ్ల క్రితం కొన్న హెచ్‌ఓ సెట్టు ఇప్పుడు ఆగి ఆగి నడుస్తోంది, పట్టాల మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. మోటారు పాడైందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మోటారు జోలికి పోకండి, మీ పట్టాలు ఉక్కువి. సముద్రపు గాలికి తుప్పు పట్టాయి. బాక్‌మన్ అనే నమూనా రైళ్ల సంస్థ వారి ఈజీ ట్రాక్ పట్టాలు అయితే పట్టాల కింది ప్లాస్టిక్ కట్ట నల్లగా ఉంటే ఉక్కు, బూడిదరంగులో ఉంటే నిక్కెల్ సిల్వర్ అని పోల్చుకోవచ్చు. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, అది రాగి, నిక్కెల్, జింకుల మిశ్రమం, తుప్పు పట్టదు. ప్రస్తుతానికి కరెంటు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన నూలు గుడ్డతో పట్టాల పైభాగాన్ని, ఇంజను చక్రాలను తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి, ఆ గీతల్లో మురికి మరింత వేగంగా చేరుతుంది. మచ్చలు మళ్లీ వస్తుంటే పట్టాలను కొంచెం కొంచెంగా నిక్కెల్ సిల్వర్‌కు మార్చుకోండి, పాయింట్లతో మొదలుపెట్టండి.