రాత్రి సైకిల్ ప్రయాణానికి 2,000 రూపాయలలో ఏ లైటు కొనాలి?

రాత్రి 9 దాటాక ఆఫీసు నుంచి 12 కిలోమీటర్లు సైకిల్ మీద ఇంటికి చేరాలని, దారిలో సగం మేర వీధి దీపాలు లేవని, 2,000 రూపాయలు మించకుండా మంచి వెలుతురు ఇచ్చే లైటు కావాలని, ఆన్‌లైన్‌లో 900 రూపాయలకు కనిపిస్తున్న "8,000 ల్యూమెన్ల" (ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుతురుకు కొలత) లైటు కొనవచ్చా అని మీరు అడిగారు. ఆ లైటు కొనవద్దు. అలాంటిదే కొని నష్టపోయినవాడిగా ఈ మాట చెబుతున్నాను. మీరు అనుకున్న మొత్తంలోనే ముందుకొకటి, వెనక్కొకటి పనికివచ్చే లైట్లు దొరుకుతాయి. కాకపోతే అట్టపెట్టె మీద ఉన్న పెద్ద అంకెను పక్కన పెట్టి వేరే సంగతులు చూడాలి.

నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తాను. దుకాణం కట్టేశాక ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం, తాడేపల్లి మీదుగా మంగళగిరిలోని ఇంటికి ఆరేళ్లుగా సైకిల్ మీదే వెళుతున్నాను. మొదటి ఏడాది నేనూ మీలాగే అంకె చూసి మోసపోయాను. చేతిలో ఇమిడే టార్చి, దాన్ని హ్యాండిల్‌కు బిగించే ప్లాస్టిక్ పట్టీ, ముందుకీ వెనక్కీ జరిపితే వెలుతురు సన్నగానూ వెడల్పుగానూ మారే అద్దం, వీటన్నిటికీ కలిపి 700 రూపాయలు ఇచ్చాను. మొదటి రాత్రి వీధిలో వెలిగించి చూస్తే ఎదురుగా ఉన్న వాటర్ ట్యాంకు మీద పడింది, మా పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో రాత్రి బ్యారేజీ మీద ఎదురుగా స్కూటర్ మీద వస్తున్న ఒకాయన ఆగిపోయి, "ఏం బాబాయ్, ఎదుటివాడికి కళ్లు కనిపించక్కర్లేదా?" అని గట్టిగానే అడిగాడు. ఆయన అన్నది న్యాయమే. మూడు వారాలు తిరక్కుండానే అది తాడేపల్లి దాటిన తరువాత మసకబారడమైనా లేకుండా ఒక్కసారిగా ఆరిపోయింది, మిగిలిన దూరం ఫోను వెలుతురులో సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాను.

మొబైల్ ఫోన్లు బాగుచేసే మిత్రుడి దగ్గర దాన్ని విప్పించాను. లోపల ఉన్నది 18650 అనే రకం బ్యాటరీ, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే లిథియం సెల్లు. దాని మీద సామర్థ్యం, అంటే అందులో పట్టే ఛార్జ్, 9,900 మిల్లీ ఆంపియర్ అవర్ అని అచ్చు వేసి ఉంది. ఆ పరిమాణంలో దొరికే మేలైన సెల్లులో కూడా 3,500కు అటూ ఇటూ మాత్రమే పడుతుంది. మిత్రుడు తన పరికరంతో కొలిస్తే మా సెల్లులో 1,100 వచ్చింది. ఇంకో పరీక్ష నేనే మా దుకాణం కాటా మీద చేశాను: అసలైన సెల్లు 45 గ్రాములకు తక్కువ కాకుండా తూగుతుంది, మాది 30 కూడా తూగలేదు.

ఇక మీరు చూసిన లైటు సంగతి లెక్క వేసి చూడండి. మంచి ఎల్‌ఈడీ ఒక వాట్ విద్యుత్తుతో 150 ల్యూమెన్ల వరకు ఇస్తుందనుకున్నా, 8,000 ల్యూమెన్లు రావాలంటే 53 వాట్లు కావాలి. 3.7 వోల్టుల, 3,500 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్లులో నిలవ ఉండే శక్తి మొత్తం 13 వాట్ అవర్లు, కాబట్టి ఆ లైటు చెప్పినట్టే వెలిగితే పావుగంటకు ఖాళీ అవుతుంది, ఆ పావుగంటలోనే అది చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. 900 రూపాయల వస్తువు ఆ పని చేయదు, చేయలేదు. నిజాయితీగా తయారైన లైటుకు ఇదే లెక్క ఎలా కుదురుతుందో చూడండి. అద్దంలోనూ సర్క్యూట్‌లోనూ పోయే నష్టాన్ని తీసివేసి వాట్‌కు 100 ల్యూమెన్లు అనుకుంటే, 400 ల్యూమెన్లకు 4 వాట్లు సరిపోతాయి. 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో 7.4 వాట్ అవర్లు ఉంటాయి కనుక గంటా యాభై నిమిషాలు వెలుగుతుంది. మీ 12 కిలోమీటర్లు సుమారు 40 నిమిషాల ప్రయాణం, అంటే రెండు రోజులకొకసారి ఛార్జింగ్ పెట్టుకుంటే చాలు. ఏ లైటు ప్రకటన చూసినా ల్యూమెన్లు, బ్యాటరీ, వెలిగే సమయం అనే ఈ మూడు అంకెలను ఇలా పొసగించి చూడండి. పొసగకపోతే అక్కడితో దాన్ని వదిలేయవచ్చు. బ్యాటరీ ఎంతో అసలు రాయని లైటును నేను లెక్కలోకే తీసుకోను.

మరి 400 ల్యూమెన్లు చాలుతాయా అన్నది వెలుతురు ఎంత అన్నదాని కంటే ఎక్కడ పడుతుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. టార్చి వెలుతురు గుండ్రంగా ఉంటుంది. దాన్ని హ్యాండిల్‌కు బిగిస్తే సగం చెట్ల కొమ్మల మీదకూ ఎదుటివారి కళ్లలోకీ పోతుంది, మిగిలిన సగంలో ఎక్కువ భాగం ముందు చక్రానికి రెండు మూడు మీటర్లలో ఒక తెల్లని మచ్చలా పడి మన కళ్లనే మసకబారుస్తుంది. మోటారు సైకిల్ హెడ్‌లైటును డిప్ చేస్తే వెలుతురు పైఅంచు కత్తిరించినట్టు ఎలా కనిపిస్తుందో, అలాంటి ఏర్పాటు ఉన్న సైకిల్ లైట్లు కూడా ఉన్నాయి. జర్మనీలో రోడ్డు మీద తిరిగే సైకిల్‌కు అలాంటి లైటు ఉండి తీరాలన్న నిబంధన ఉండటంతో, ఆ రకం లైట్ల పెట్టెల మీద ఎస్‌టీవీజడ్‌ఓ (StVZO) అనే అక్షరాలు ఉంటాయి. అక్కడ వెలుతురును ల్యూమెన్లలో కాక 10 మీటర్ల దూరంలో రోడ్డు వైపు ఎంత పడుతుందో లక్స్‌లలో కొలుస్తారు, కనీసం 10 లక్స్‌లు ఉండాలి. ఈ రకంలో 30 నుంచి 50 లక్స్‌ల లైటు మీ బడ్జెట్‌లో దొరికితే, ల్యూమెన్ల అంకె చిన్నదిగా కనిపించినా సందేహించకుండా తీసుకోండి. నేను ఇప్పుడు వాడుతున్నది అలాంటిదే, నాకు 1,400 రూపాయలు అయింది. దొరకకపోతే అద్దం మీద నిలువు గీతలు ఉండి, వెలుతురును అడ్డంగా పరిచే సైకిల్ లైటు తీసుకోండి, మామూలు టార్చి కంటే అది చాలా మేలు.

ఎంత దూరం కనిపించాలన్నది మీ వేగాన్ని బట్టి ఉంటుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో అడ్డంకిని చూసి బ్రేకు పట్టేలోపు ఒక సెకను గడిస్తే 5.5 మీటర్లు ముందుకు వెళతాం, ఆ తరువాత పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 4 మీటర్లు పడుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో మొత్తం 17 మీటర్లవుతుంది. రోడ్డు మీద ఇసుక ఉన్నా, వాన పడినా ఇంకా ఎక్కువ. అందువల్ల 15 నుంచి 20 మీటర్ల దూరంలో గుంత కనిపిస్తే చాలు. అర కిలోమీటరు దూరంలోని చెట్టు కనిపించనక్కర్లేదు.

లైటును ఎక్కడ బిగించాలన్న విషయంలో నేను చేసిన మరో పొరపాటు ఉంది. కొంతకాలం లైటును హెల్మెట్‌కు కట్టుకున్నాను, ఎటు చూస్తే అటు వెలుతురు పడుతుంది కదా అని. కానీ మన కళ్లకు దగ్గరగా ఉన్న దీపం నీడలను మింగేస్తుంది, గుంత, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ కూడా చదునుగానే కనిపిస్తాయి. హ్యాండిల్ మీద లేదా ఇంకా కిందుగా ముందు చక్రం ఫోర్కు దగ్గర బిగించిన లైటు రోడ్డు మీద ఏటవాలుగా పడి, ప్రతి ఎత్తుపల్లానికీ నీడ గీస్తుంది. ఈ తేడా నాకు వరి కోతల రోజుల్లో బాగా తెలిసింది. ఆ నెలల్లో మన రోడ్ల అంచున ధాన్యం ఆరబోసి, రాత్రికి నల్లటి పట్టాలు కప్పి, వాహనాలు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. నల్లటి రోడ్డు మీద నల్లటి పట్టా, దాని అంచున మట్టి రంగు రాయి. హెల్మెట్ లైటుతో ఒక రాయిని అంగుళాల తేడాలో తప్పించుకున్నాను. హ్యాండిల్ లైటుతో వెళ్లినప్పుడు అదే రాయి తన వెనుక పొడవాటి నీడతో దూరం నుంచే కనిపించింది.

బిగించాక గురి సరిచూసుకోవడానికి నేను ఒక గోడను వాడతాను. చదునైన నేల మీద సైకిల్‌ను గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో నిలిపి, లైటు నేల నుంచి మీటరు ఎత్తులో ఉంటే, గోడ మీద వెలుతురు మధ్య భాగం సుమారు 67 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే లైటు ఎత్తు కంటే ఒక అడుగు కిందికి పడేలా వంచుతాను. అప్పుడు ఆ మధ్య భాగం రోడ్డు మీద 15 మీటర్ల దగ్గర తాకుతుంది. ఎదుటివారు డిప్పర్ కొడుతున్నారంటే మీ లైటు ఇంకా పైకే ఉందని అర్థం, వారి మీద విసుక్కోకుండా కాస్త వంచండి. హ్యాండిల్ పట్టీ రబ్బరుది అయితే మన రోడ్ల కుదుపులకు లైటు మెల్లగా కిందికి వాలిపోతుంది కనుక స్క్రూతో బిగించే పట్టీ ఉన్నది ఎంచుకోవడం మంచిది, పాత ట్యూబు ముక్క ఒకటి కింద చుడితే అసలు జారదు.

వెనక లైటు గురించి మీరు అడగలేదు గానీ, బడ్జెట్‌లో కొంత దానికి తప్పకుండా కేటాయించాలి. ముందు గుంతను మనం చూడగలం, వెనక వచ్చే లారీని చూడలేం. వెనక లైటుకు పెద్ద వెలుతురు అక్కర్లేదు, 20 నుంచి 50 ల్యూమెన్ల ఎర్ర లైటు రాత్రికి సరిపోతుంది. దాన్ని మినుకుమనిపించాలా, నిలకడగా వెలిగించాలా అన్న దాని మీద వాదనలు చాలా ఉన్నాయి. మినుకుమనే లైటు తొందరగా కంటపడుతుంది, కానీ అది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో పోతోందో వెనకవారికి అంచనా అందదు. 300 కిలోమీటర్లను 20 గంటలలో పూర్తి చేయాల్సిన 'బ్రెవే' అనే ఒక దూర సైకిల్ యాత్రలో తెల్లవారుజామున రెండు గంటల పాటు మినుకుమనే లైటు వెనకాల సైకిల్ తొక్కాక, అది ఎంత చికాకు పెడుతుందో కూడా నాకు అర్థమైంది. ఫ్రాన్స్‌లో జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ వంటి 1,200 కిలోమీటర్ల ప్రయాణంలో మినుకుమనే లైట్లను అనుమతించరు. ఒకే లైటు ఉంటే నిలకడగా వెలిగించండి. రెండు పెట్టుకోగలిగితే సీటు కింద నిలకడైనది, హెల్మెట్ వెనుక మినుకుమనేది పెట్టండి. బ్యాగు గానీ, వేలాడే చొక్కా అంచు గానీ దాన్ని కప్పేయకుండా చూసుకోవాలి, నా లైటు మూడు నెలలు టిఫిన్ సంచీ వెనకే వెలిగిందని మా ఆవిడ చెబితే గానీ నాకు తెలియలేదు. చీలమండల దగ్గర మెరిసే పట్టీలు కట్టుకుంటే, తొక్కుతున్నప్పుడు పైకీ కిందికీ కదిలే ఆ మెరుపు చూసి ఇది సైకిల్ అని వెనకవారు వెంటనే గుర్తుపడతారు. వాటికి 100 రూపాయలు కూడా కావు.

ముందు లైటును మాత్రం రాత్రి చీకటి రోడ్డు మీద మినుకుమనే మోడ్‌లో పెట్టకండి, రోడ్డు ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

మిగిలినవి చిన్న విషయాలు. నీటి రక్షణ ఐపీఎక్స్ 4 ఉంటే మామూలు వానకు తట్టుకుంటుంది, ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత గట్టిగా మూసుకుంటుందో లేదో కొన్న రోజే చూడండి, ఎందుకంటే నీరు లోపలికి వెళ్లేది చాలా వరకు అక్కడి నుంచే. ఛార్జింగ్ టైప్ సీ అయితే ఫోను తీగతోనే పని జరుగుతుంది. కొన్న వారంలోపు, తిప్పి పంపే గడువు ఉండగానే, ఫుల్ ఛార్జ్ చేసి ఫ్యాను ముందు పెట్టి వెలిగించి, చెప్పినంతసేపు వెలుగుతుందో లేదో గడియారం చూసి తేల్చుకోండి. ఫ్యాను ఎందుకంటే, కదలని లైటు గాలి తగలక వేడెక్కి తనంతట తానే వెలుతురు తగ్గించుకుంటుంది. చలికాలంలో కృష్ణ మీద పొగమంచు పట్టినప్పుడు నేను ఎక్కువ వెలుతురు మోడ్ వాడను, ముందు తెల్లగోడ నిలబడినట్టు ఉంటుంది. తక్కువ మోడ్‌లో ఇంకాస్త కిందికి వంచి మెల్లగా వెళతాను.

డైనమో పెట్టించుకోవచ్చా అని కూడా చివర్లో రాశారు. మా నాన్నగారి సైకిల్‌కు టైరును ఒరుసుకుంటూ తిరిగే సీసా డైనమో ఉండేది. 6 వోల్టులు, 3 వాట్లు. లైటు లేని సైకిల్‌ను పోలీసులు ఆపి గాలి తీసే రోజులవి కనుక ఆయన దాన్ని ప్రాణంలా చూసుకునేవారు. ఛార్జింగ్ బాధ లేకపోవడం నిజమే, కానీ సైకిల్ ఆగితే మామూలు డైనమో లైటూ ఆరిపోతుంది, వానలో టైరు మీద జారుతుంది, తొక్కుడు బరువెక్కుతుంది. చక్రం ఇరుసులోనే ఉండే డైనమోలు ఈ ఇబ్బందులను చాలా వరకు తీర్చాయి గానీ వాటి ధర మీ బడ్జెట్‌కు చాలా దూరం. నేనైతే ముందు లైటుకు 1,300 నుంచి 1,400, వెనక లైటుకు 400, చీలమండ పట్టీలకు 100 పెట్టి, మిగిలిన డబ్బుతో కీచైన్‌కు తగిలించుకునే చిన్న బటన్ సెల్లు లైటు ఒకటి కొని సంచిలో వేసుకుంటాను. ఆఫీసు పార్కింగ్‌లో పెట్టినప్పుడు రెండు లైట్లూ విప్పి లోపలికి తీసుకువెళ్లడం మర్చిపోకండి. నా రెండో లైటు పోయింది అలాగే.