మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకు? మీ అప్పు ఉదాహరణ ఆగిపోయేది ఇక్కడే

మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో మీ పాపకి అప్పు ఉదాహరణతో చెప్పబోయి, రెండు మైనస్‌లనూ అప్పే అనుకోవడం వల్ల ఇరుక్కున్నారు. "అప్పుని అప్పుతో గుణిస్తే డబ్బెలా వస్తుంది నాన్నా" అని ఏడో తరగతి పాప అడగడం న్యాయమే, అలాంటి గుణకారానికి అర్థమే లేదు. (−3) × (−2)లో −2 అంటే అప్పు, −3 అంటే దాన్ని మూడుసార్లు తీసేయడం.

1. బల్ల మీద 6 రూపాయి బిళ్లలు పెట్టండి. పక్కనే "2 రూపాయల అప్పు" అని రాసిన చీటీలు 3.

2. మొత్తం ఎంతని అడగండి. సున్నా. అందరూ వదిలేసేది ఈ మెట్టే. ముందు సున్నా కనబడకపోతే తీసేయడానికి అప్పు ఎక్కడిదో పిల్లలకి అర్థం కాదు, అందుకే తొందరపెట్టకుండా తనే లెక్కేసి చెప్పేదాకా ఆగండి.

3. చీటీలు మూడూ చింపేయమనండి. మిగిలింది +6.

పాపకి ఇంకోటి కూడా చెప్పండి. బడి పుస్తకంలోని ధన, రుణ అనే మాటలతోనే, ఆస్తి, అప్పు అనే అర్థంలో, 628లో మన గణితవేత్త బ్రహ్మగుప్తుడు ఈ నియమాలు రాశాడు, సున్నాని కూడా కలిపి. వెయ్యేళ్ల తర్వాత 1637లో ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ అంతటివాడు కూడా రుణ మూలాలను (సమీకరణాలకి జవాబుగా వచ్చే మైనస్ సంఖ్యలను) "అబద్ధపు" మూలాలనే అన్నాడు, కాబట్టి తన అనుమానం చిన్నదేం కాదు.

4. చివరగా కాగితం మీద: (−3) × (2 + (−2)) = 0. ఇందులో (−3) × 2 అంటే −6. మొత్తం సున్నా కావాలంటే (−3) × (−2) విలువ +6 అయి తీరాలి.