మానిటరీ, ఫిస్కల్ పాలసీల్లో ఏది పవర్‌ఫుల్? ఫస్టియర్‌కి పాఠం చెప్పే మనిషిగా నా జవాబు

"ఎకానమీ పడిపోయినప్పుడు మానిటరీ పాలసీ బాగా పనిచేస్తుందా, ఫిస్కల్ పాలసీనా? గ్రాఫ్‌లో చూస్తే రెండిట్లోనూ గీత కుడివైపుకే జరుగుతోంది, తేడా ఏంటో తెలియట్లేదు" అని అడిగారు. నేను ఫస్టియర్ పిల్లలకి ఈ సబ్జెక్టే చెప్తాను, అందుకే ఈ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయా. డెఫినిషన్లు మీ బుక్‌లో ఉన్నాయి, ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను: సెంట్రల్ బ్యాంక్ వడ్డీ మార్చడం మానిటరీ, ప్రభుత్వం తన ఖర్చులు, ట్యాక్సులు మార్చడం ఫిస్కల్. మీకు తేడా కనపడకపోవడంలో మీ తప్పేం లేదండి, ఆ గ్రాఫ్‌లో టైమ్ అనేదే లేదు. నిలువు గీత మీద వడ్డీ రేటు, అడ్డ గీత మీద అవుట్‌పుట్ (దేశం మొత్తం ఉత్పత్తి), అంతే. గీత జరిగింది అని రాస్తారు, జరగడానికి ఎన్ని నెలలు పట్టిందో ఎక్కడా రాయరు. నా దృష్టిలో ఈ రెండు పాలసీల మధ్య అసలు తేడా బలంలో కంటే ఆ నెలల్లోనే ఉంది.

సెంట్రల్ బ్యాంక్ వాళ్లు ఒక మీటింగ్‌లో కూర్చుని వడ్డీ మార్చేస్తారు, అక్కడ ఆలస్యం ఏమీ లేదు. కానీ ధరలు తగ్గించాలని వడ్డీ పెంచారనుకోండి, ఆ వడ్డీ బ్యాంకుల లోన్ రేట్లలోకి దిగాలి, అది చూసి ఎవరో ఇల్లు కట్టడం వాయిదా వేసుకోవాలి, ఇంకెవరో కొత్త మెషీన్ కొనడం మానుకోవాలి, అప్పుడు సిమెంట్, స్టీల్ ఆర్డర్లు తగ్గాలి, ఆ తర్వాత పనివాళ్లని తీసుకోవడం తగ్గాలి, చివరికి ఎప్పుడో ధరలు నెమ్మదించాలి. ఇదంతా అయ్యేసరికి ఏడాది, ఏడాదిన్నర ఈజీగా పడుతుంది. ఫిస్కల్ దీనికి రివర్స్: జనం చేతిలో డబ్బు పడ్డాక ప్రభావం తొందరగానే కనపడుతుంది, కానీ ఆ డబ్బు పడాలంటే బిల్లు పెట్టాలి, చర్చలు జరగాలి, ఓటింగ్ అవ్వాలి, టెండర్లు పిలవాలి.

ఇది ఎంత చెప్పినా పిల్లలకి ఎక్కట్లేదని ఒకసారి క్లాసులో ఆటలా ఆడించాను. అది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నా అభిప్రాయం గట్టిపడింది అక్కడే. ఒక బెంచీ సెంట్రల్ బ్యాంక్, ఇంకో బెంచీ ఆర్థిక శాఖ, మిగతా క్లాసంతా పార్లమెంటు. ఒక్కో రౌండ్ అంటే మూడు నెలలు. బోర్డు మీద ద్రవ్యోల్బణం 8, నిరుద్యోగం 5 అని రాశాను. రూల్ ఏంటంటే సెంట్రల్ బ్యాంక్ వాళ్లు వడ్డీ ఎంత పెంచారో చీటీ మీద రాసి కవర్‌లో పెట్టి ఇస్తారు, నేను దాన్ని బోర్డుకి అంటిస్తాను, నాలుగు రౌండ్ల తర్వాతే తెరుస్తాను. ఆర్థిక శాఖ ప్లాన్‌కి మాత్రం పార్లమెంటు ఓటు కావాలి, పాసైతే తర్వాతి రౌండ్‌లోనే ప్రభావం.

మొదటి రౌండ్‌లో సెంట్రల్ బ్యాంక్ బెంచీ ఒక పాయింట్ పెంచింది. బోర్డు మీద 8 అలాగే ఉంది. రెండో రౌండ్ ఇంకో పాయింట్, అదే 8. వెనక బెంచీల నుంచి "పనిచేయట్లేదు, పనిచేయట్లేదు" అని కేకలు మొదలయ్యాయి. చీటీలు రాస్తున్న అమ్మాయి చాలా తెలివైన పిల్ల, కాసేపు ఓపిక పట్టింది, కానీ క్లాసంతా అరుస్తుంటే మూడో రౌండ్‌లో రెండు పాయింట్లు, నాలుగో రౌండ్‌లో ఇంకో రెండు పెంచేసింది. ఐదో రౌండ్ నుంచి నేను కవర్లు విప్పడం మొదలుపెట్టాను. ద్రవ్యోల్బణం 7 అయింది, చప్పట్లు. 6 అయింది, మళ్లీ చప్పట్లు. ఆ తర్వాత రెండేసి పాయింట్ల కవర్లు వరసగా తెరుచుకున్నాయి, నిరుద్యోగం 11కి ఎగబాకింది, చప్పట్లు ఆగిపోయాయి. ఆ అమ్మాయి లేచి బోర్డు దగ్గరికి వచ్చి ఇంకా తెరవని కవర్ మీద వేలు పెట్టి "సార్, ఇది తీసేయొచ్చా?" అని అడిగింది. తీయడానికి లేదమ్మా, అది నువ్వు ఏడాది కిందట ఇచ్చేసిన ఆర్డర్ అన్నాను. ఆవిడ మొహంలో అప్పుడు కనపడిన అర్థమవ్వడం ఉంది చూశారా, ఐఎస్-ఎల్ఎం డయాగ్రమ్ (మొదట్లో చెప్పిన ఆ గ్రాఫే) ఎన్నిసార్లు గీసినా అది రాదు.

ఇంకోవైపు ఆర్థిక శాఖ బెంచీ నిరుద్యోగం పెరగడం చూసి రోడ్లు వేస్తాం అని ప్లాన్ పెట్టింది. పార్లమెంటులో కిటికీ వైపు వాళ్లు రోడ్డు మా వైపే వేయాలి, తలుపు వైపు వాళ్లు మా వైపే వేయాలి అని పట్టు, ఓటు మీద ఓటు వీగిపోయింది. చివరికి రెండు వైపులా వేస్తాం అని ఒప్పందం కుదిరి డబ్బు బయటికొచ్చేసరికి బోర్డు మీద ఎకానమీ తనంతట తానే కోలుకోవడం మొదలుపెట్టింది.

క్లాసు ఆట కదా అని కొట్టిపారేయకండి. 1979 ఆగస్టులో పాల్ వోల్కర్ అమెరికా సెంట్రల్ బ్యాంక్ అయిన ఫెడ్‌కి ఛైర్మన్ అయ్యాడు, ద్రవ్యోల్బణం తగ్గించడానికి అక్టోబర్ నుంచి బిగించడం మొదలుపెట్టాడు, 1981కి ఫెడ్ ఫండ్స్ రేటు (బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పు మీద వడ్డీ) 19 శాతం దాటింది. 1980 మొదట్లో 14 శాతం పైన ఉన్న ద్రవ్యోల్బణం 1983కి 3 శాతం దగ్గరికి దిగింది. దిగింది నిజమే, కానీ మధ్యలో 1982 చివర నిరుద్యోగం 10.8 శాతం. ఇళ్లు కట్టే బిల్డర్లు వాడుకోలేకపోయిన చెక్కముక్కలు ఫెడ్‌కి పోస్టులో పంపారు, కార్ డీలర్లు అమ్ముడుపోని కార్ల తాళాలు పంపారు, రైతులు ట్రాక్టర్లు తెచ్చి ఆఫీసు ముందు పెట్టారు. వోల్కర్ గెలిచాడు అని ఒక్క లైన్‌లో రాసే బుక్స్ అంటే నాకు ఒళ్లు మండుతుంది, ఆ చెక్కముక్కలు పంపినవాళ్ల సంగతి కూడా సిలబస్‌లో ఉండాలి.

ఫిస్కల్ వైపు ఆలస్యం చూడాలంటే 2008 చాలు. అమెరికాలో మాంద్యం 2007 డిసెంబర్‌లో మొదలైంది. మొదలైందని అధికారికంగా తేల్చి చెప్పింది 2008 డిసెంబర్‌లో, అంటే జబ్బు ఉందని తేలడానికే ఏడాది. ఒబామా 787 బిలియన్ డాలర్ల ప్యాకేజీ మీద సంతకం పెట్టింది 2009 ఫిబ్రవరిలో, మాంద్యం ముగిసింది అదే ఏడాది జూన్‌లో, ఆ డబ్బులో ఎక్కువ భాగం ఖర్చయింది ఆ తర్వాతే. అలాగని అది వేస్ట్ అని నేను అనను, నిరుద్యోగం 2009 అక్టోబర్‌లో 10 శాతానికి చేరింది కాబట్టి ఆ డబ్బుకి అప్పటికీ పని ఉంది. ఫెడ్ అయితే 2008 డిసెంబర్‌కే వడ్డీని దాదాపు సున్నాకి తెచ్చేసింది, ఇక దించడానికి చోటే లేదు. అలాంటప్పుడు ఫిస్కల్ లేటయినా సరే, రావాల్సిందే. ఏది పవర్‌ఫుల్ అన్న మీ ప్రశ్నకి నేను సూటిగా ఇచ్చే జవాబు కూడా ఇదే: వడ్డీ సున్నా దగ్గర ఇరుక్కుంటే ఫిస్కల్, లేకపోతే మానిటరీ. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. పరీక్షల్లో "రెండింటికీ భేదాలు రాయండి" అని అడుగుతారు, పిల్లలు మధ్యలో గీత గీసి ఎడమవైపు ఐదు, కుడివైపు ఐదు రాసేస్తారు, అక్కడితో ఆ రెండూ ఒకదానికొకటి సంబంధం లేని శాఖలని మనసులో ముద్రపడిపోతుంది. 2022 సెప్టెంబర్ బ్రిటన్ చూడండి. 22న అక్కడి సెంట్రల్ బ్యాంక్ అయిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ధరలు తగ్గించడానికి వడ్డీని 2.25 శాతానికి పెంచింది, సరిగ్గా మర్నాడు ప్రభుత్వం 45 బిలియన్ పౌండ్ల ట్యాక్స్ కోతలు ప్రకటించింది, దానికి డబ్బు ఎక్కడినుంచి తెస్తారో చెప్పలేదు. ఒకళ్లు డిమాండ్ తగ్గించే పనిలో, ఇంకొకళ్లు పెంచే పనిలో. ప్రభుత్వ బాండ్ల ధరలు కుప్పకూలాయి, పెన్షన్ ఫండ్లు ఉక్కిరిబిక్కిరి అయ్యాయి, 28న అదే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి బాండ్లు కొనాల్సి వచ్చింది. ఆర్థిక మంత్రి పదవి అక్టోబర్ 14న పోయింది, ప్రధాని లిజ్ ట్రస్ 20న రాజీనామా ప్రకటించింది. ఈ ఒక్క నెల కథ చెప్తే భేదాల పట్టిక అక్కర్లేదు.

మల్టిప్లయర్ గురించి కూడా, అంటే ప్రభుత్వం పెట్టిన ఖర్చుకి ఆదాయం ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే అంకె. ఎంపీసీ (అదనంగా వచ్చిన రూపాయిలో జనం ఖర్చుపెట్టే భాగం) 0.8 అయితే మల్టిప్లయర్ 5 అని లెక్క చేయిస్తారు, పిల్లలు ప్రభుత్వం వంద ఖర్చుపెడితే ఐదొందలు వస్తాయని నమ్మి బయటికి వెళ్తారు. ట్యాక్సులు, దిగుమతులు, పెరిగే వడ్డీ ఇవన్నీ మధ్యలో తినేస్తాయి, నిజం డేటాతో వేసిన అంచనాలు ఎక్కువగా రెండు లోపే ఉంటాయి. ఆ 5 అనే అంకెని బుక్స్‌లోంచి తీసేస్తే ఎవరికీ నష్టం లేదు.

నన్నడిగితే బుక్‌లో సగం పేజీ ఇచ్చి వదిలేసే ఆటోమేటిక్ స్టెబిలైజర్లకి ఒక చాప్టర్ ఇవ్వాలి. నిరుద్యోగ భృతి ఉన్న దేశాల్లో ఉద్యోగం పోగానే అది దానంతట అదే మొదలవుతుంది, ఆదాయం తగ్గగానే కట్టాల్సిన ట్యాక్స్ తగ్గుతుంది. ఎవరూ మీటింగ్ పెట్టక్కర్లేదు, మాంద్యం వచ్చిందని ఎవరూ తేల్చక్కర్లేదు. అదే ఆటని ఇంకో బ్యాచ్‌తో ఆడించినప్పుడు నిరుద్యోగం 6 దాటితే ఓటు లేకుండా డబ్బు వెళ్లిపోవాలి అని ఒక్క రూల్ కలిపాను, వాళ్లూ వడ్డీ అలాగే తొందరపడి పెంచారు, కానీ నిరుద్యోగం 8 దగ్గరే ఆగింది. కిటికీ వైపా తలుపు వైపా అన్న గొడవే రాలేదు. పార్లమెంటు వాళ్లు మాత్రం "మాకు ఓటేసే పనే లేకుండా చేశారు సార్" అని కంప్లయింట్ చేశారు, ఆ ఆటలో నాకు బాగా నచ్చిన మాట అదే.