కౌన్సిల్ ఫ్లాట్‌లో రీవైరింగ్, కొత్త కిచెన్: ఇంట్లో ఉండి చేయించుకోవాలా, బయటికి వెళ్ళాలా?

చెల్లెమ్మా, మీరు అడిగింది ఇదీ: లండన్‌లో కౌన్సిల్ ఫ్లాట్ (అంటే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇల్లు), మూడో అంతస్తు. కిచెన్, బాత్‌రూమ్, కరెంటు వైరింగ్ అన్నీ కొత్తగా వేస్తామని ఉత్తరం వచ్చింది. ఆరు వారాల పని, ఇంట్లోనే ఉండొచ్చు అంటున్నారు. ఇంట్లో ఏడేళ్ళ పాప, ఉబ్బసం ఉన్న అత్తగారు. ఉండమంటారా, వేరే చోటు అడగమంటారా అని.

నా మాట చెప్పేస్తాను. కిచెన్, బాత్‌రూమ్ వరకే అయితే ఇంట్లో ఉండి నెట్టుకురావచ్చు. రీవైరింగ్ కూడా కలిసిందంటే మీ అత్తగారు ఆ ఇంట్లో ఉండకూడదు. మేం రెండూ చూశాం. 2019లో కిచెన్, వైరింగ్ ఇంట్లో ఉండగానే చేయించుకున్నాం. 2022లో మురుగు గొట్టం మార్చడానికి ఏడు వారాలు వేరే ఫ్లాట్‌లో ఉండి వచ్చాం. ఇప్పుడు మళ్ళీ ఎంచుకోమంటే రీవైరింగ్‌కి మాత్రం ఒక్క రోజు కూడా లోపల ఉండను.

మాది తూర్పు లండన్‌లో 1960ల్లో కట్టిన బ్లాకు, నాలుగో అంతస్తు, రెండు బెడ్‌రూములు. రీవైరింగ్ అంటే పాత తీగ లాగి కొత్త తీగ తోయడమే అనుకున్నాం. కాంక్రీటు గోడలున్న పాత బ్లాకులో అలా కుదరలేదు. ప్రతి స్విచ్చికీ, ప్రతి సాకెట్‌కీ గోడలో గాడి కొట్టారు. ఆ మెషీన్ ఒక గదిలో ఆన్ చేస్తే దుమ్ము ఇల్లంతా లేస్తుంది. సామాను మీద ప్లాస్టిక్ షీట్లు కప్పారు, తలుపులకి జిప్పు ఉన్న తెరలు అంటించారు. అయినా మూడు నెలల తర్వాత ఒక రోజు పోపుల డబ్బా అడుగు గిన్నె తీస్తే ఆవాల మీద సన్నటి బూడిద పొర ఉంది. మూత గట్టిగా పెట్టి, కవర్లో చుట్టి, బెడ్‌రూమ్ బీరువాలో దాచిన డబ్బా అది. ఆవాలు పారబోశాను గానీ ఆ మూడు నెలలూ మా చిన్నాడు పీల్చింది ఏం గాలో అని ఆ రోజంతా మనసు మనసులో లేదు. కాంక్రీటు పొడిలో ఊపిరితిత్తులకి చేటు చేసే సిలికా ఉంటుంది. పనివాళ్ళు మాస్కులు పెట్టుకునేది అందుకే. మాకెవరూ మాస్కులు ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

అందుకే మొదటి పని: మీ అత్తగారి డాక్టరు దగ్గర ఒక లెటర్ తీసుకోండి. ఉబ్బసం ఉంది, ఈ మందులు వాడుతున్నారు, దుమ్ములో ఉంటే ప్రమాదం అని రెండు ముక్కలు చాలు. దాన్ని మీ హౌసింగ్ ఆఫీసర్‌కీ, కాంట్రాక్టర్ తరఫున మాట్లాడే రెసిడెంట్ లయజన్ ఆఫీసర్‌కీ ఇద్దరికీ మెయిల్ చేయండి. ఫోన్‌లో చెబితే చెప్పినట్టు కాదు. "ఇంట్లోనే ఉండొచ్చు" అన్నది అందరికీ పంపే ఉత్తరంలో మాట. ఇంట్లో ఎవరున్నారో వాళ్ళకి తెలిసేది మీరు రాస్తేనే. మొత్తం కుటుంబానికి వేరే ఫ్లాట్ ఇవ్వకపోయినా, పగలు కూర్చోడానికి అదే ఎస్టేట్‌లో ఒక ఖాళీ ఫ్లాట్ తెరిచి పెట్టడమో, గాడి కొట్టే నాలుగు రోజులు హోటల్ ఇవ్వడమో అడగొచ్చు. మా పక్కింటి పెద్దావిడకి రెండోది ఇచ్చారు. అడిగితే దొరుకుతుందని మాకు అప్పుడు తెలియదు.

ఇంకొకటి అడగండి: గోడలో గాడి కొడతారా, గోడ మీదే ప్లాస్టిక్ ట్రంకింగ్ (తీగలు లోపల దాచే పొడుగాటి పెట్టె) వేస్తారా? ట్రంకింగ్ చూడ్డానికి అంత బాగోదు. కానీ దుమ్ము చాలా తక్కువ, పనీ త్వరగా అవుతుంది. ఎక్కడెక్కడ ఏది వేస్తారో మీ ప్లాన్ కాగితం మీద రాయించుకోండి.

ఆస్‌బెస్టాస్ సంగతి. పాత కట్టడాల్లో వాడిన నారలాంటి పదార్థం, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. బ్రిటన్‌లో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకు ముందు కట్టిన ఏ బ్లాకులోనైనా ఉండొచ్చు: సీలింగ్ మీద ఆర్టెక్స్ అనే గరుకు పూతలో, పాత నేల పలకల్లో, వాటిని అంటించిన నల్ల జిగురులో. మా కిచెన్‌లో లైనో (నేల మీద పరిచే షీటు) లేపితే కింద పాత పలకలు కనిపించాయి. పని అక్కడికక్కడ ఆపేశారు. శాంపిల్ తీశారు, రిపోర్టు వచ్చింది, ప్రత్యేకంగా లైసెన్సున్న వాళ్ళొచ్చి తీసుకెళ్ళారు. పది పని దినాలన్న కిచెన్ ఐదు వారాలైంది. పని మొదలెట్టే ముందే ఆస్‌బెస్టాస్ ఎక్కడుందో చూసే రిఫర్బిష్‌మెంట్ సర్వే చేయాలి. మా ఫ్లాట్‌కి చేయకుండా కింది అంతస్తు ఫ్లాట్ రిపోర్టు చూసి సరిపెట్టుకున్నారని తర్వాత తెలిసింది. మీరు "మా ఫ్లాట్‌కి ఆస్‌బెస్టాస్ సర్వే అయిందా, కాపీ ఇవ్వండి" అని ఈ వారమే అడగండి. ఆర్టెక్స్‌కి మీరు మాత్రం మేకు కొట్టకండి, గీకకండి.

ఆ ఐదు వారాలు బెడ్‌రూమ్‌లో ఒక ఇండక్షన్ పొయ్యి, రైస్ కుక్కర్. గిన్నెలు బాత్‌టబ్‌లో తోమాను. నడుం పడిపోయింది. మీ ఇంట్లో కిచెన్, బాత్‌రూమ్ రెండూ ఒకేసారి పీకేస్తామంటే ఒప్పుకోకండి. ఒకటి పూర్తయి నీళ్ళు వచ్చాకే రెండోది ముట్టుకోవాలి. టాయిలెట్ ప్రతి సాయంత్రం పని చేసేలా వదిలి వెళ్ళాలి. ఫ్రిజ్‌కి కరెంటు ఏ రోజు ఎన్ని గంటలు ఉండదో ముందు రోజు చెప్పాలి. ఈ మూడూ రాతలో తీసుకోండి. ఊరి నుంచి తెచ్చిన పొడులు, పచ్చళ్ళు, పప్పులు అన్నీ ఎవరైనా తెలిసినవాళ్ళింటికి పంపేయండి. మేం ఆదివారాలు ఈస్ట్ హామ్ వెళ్ళి ఇడ్లీలు తిని, వారానికి సరిపడా పిండి కొనుక్కొచ్చుకునేవాళ్ళం. పిల్లలకి అది సంబరంగా ఉండేది, అదొక్కటే ఆ నెలలో.

ఇక డిజైన్ రోజు. ఒక సర్వేయర్ వచ్చి తలుపుల రంగు, గట్టు రంగు, టైల్స్ మూడు నాలుగు శాంపిల్స్ చూపిస్తాడు. రంగుల దగ్గరే టైం అంతా పోతుంది, మాకూ అలాగే పోయింది. రంగు ఏదైనా ఫర్వాలేదు. మన వంటకి కావాల్సినవి రెండున్నాయి. ఒకటి ఎక్స్‌ట్రాక్టర్. పొయ్యి మీద పొగ లాగి ఫిల్టర్ గుండా మళ్ళీ వంటింట్లోకే వదిలే రకం పెడతామంటారు. పోపు ఘాటుకీ, రోజూ అన్నం ఉడికే ఆవిరికీ అది చాలదు. గొట్టం బయటి గోడ దాకా వెళ్ళి గాలి బయటికి పోవాలి. ఆవిరి లోపలే ఉండిపోతే చలికాలంలో కిటికీ మూలల్లో నల్ల బూజు పడుతుంది. ఆ తర్వాత అది మీ వంట వల్లే అంటారు. రెండోది సాకెట్లు. గ్రైండర్, మిక్సీ, రైస్ కుక్కర్, కెటిల్ ఎక్కడ పెడతారో గట్టు మీద వేలు పెట్టి చూపించండి. మా ఎలక్ట్రీషియన్ గోడ మీద పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళాడు. గ్రైండర్ పెట్టే మూలలో గుర్తు లేదు. నేను ఆపి చూపిస్తే, ఇంకా గాడి కొట్టలేదు కాబట్టి అక్కడికక్కడే ఒక గుర్తు కలిపాడు. మరుసటి రోజైతే ఆ పని జరిగేది కాదు.

బాత్‌రూమ్‌లో జెట్ స్ప్రే కావాలని మనందరికీ ఉంటుంది. సొంతంగా మెయిన్ లైన్‌కి తగిలించకండి. ఆ నీళ్ళు వెనక్కి తాగే నీళ్ళ గొట్టంలోకి పోకుండా ఇక్కడ గట్టి నిబంధనలున్నాయి, 1999 నాటి వాటర్ ఫిట్టింగ్స్ రెగ్యులేషన్స్. మేం పెట్టుకున్నది పనివాళ్ళు చూసి పీకేశారు. అడిగి, వాళ్ళు చెప్పిన పద్ధతిలోనే పెట్టించుకోండి.

2022 సంగతికి వస్తే, బ్లాకు మొత్తానికి నిలువుగా దిగే మురుగు గొట్టం పగిలి మా బాత్‌రూమ్ గోడంతా చెమ్మెక్కింది. టాయిలెట్ లేకుండా ఉండలేం కాబట్టి వాళ్ళే బయటికి పంపారు. దీన్నే వాళ్ళు డీకాంట్ అంటారు. సంతకం పెట్టే ముందు ఒక్కటి చూసుకోండి: మీ టెనెన్సీ (అద్దె ఒప్పందం) పాత ఫ్లాట్ మీదే ఉంటుందని, పని అయ్యాక మీరు అక్కడికే తిరిగొస్తారని ఆ కాగితంలో స్పష్టంగా ఉండాలి. మాకు ఇచ్చిన మొదటి కాగితంలో తిరిగి రావడం గురించి ఒక్క ముక్క లేదు. మా ఆయన బస్సు డ్యూటీ మానుకుని ఆఫీసుకెళ్ళి ఆ వాక్యం చేర్పించుకొచ్చారు. అద్దె మా పాత ఇంటికే కట్టాం, రెండో ఇంటికి కట్టలేదు. సామాను మోసే వ్యాను, తిరిగి తెచ్చే వ్యాను వాళ్ళదే ఖర్చు. ప్రభుత్వం ఇచ్చే బెనిఫిట్ ఏమైనా వస్తుంటే ఈ మార్పు ముందే చెప్పండి. ఇంటి సామాను ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పండి, ఖాళీ ఇంట్లో పోయినదానికి వాళ్ళు ఇవ్వకపోవచ్చు. రెండు ఇళ్ళ మీటర్లకీ వెళ్ళే రోజు, వచ్చే రోజు ఫోటోలు తీసుకోండి. పనివాళ్ళ డ్రిల్లు మెషీన్ల కరెంటు బిల్లు మా పేర పడింది. ఫోటోలుండబట్టి తిరిగొచ్చింది.

డీకాంట్ అయితే వేల పౌండ్లు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. వాళ్ళు చెప్పేది హోమ్ లాస్ పేమెంట్. ఇల్లు శాశ్వతంగా ఖాళీ చేయిస్తే, అందులో కనీసం ఏడాది ఉన్నవాళ్ళకి ఇచ్చేది. తిరిగొచ్చేవాళ్ళకి రాదు.

తాత్కాలిక ఫ్లాట్ ఒట్టి గోడలు. కర్టెన్లు లేవు, కుక్కర్ లేదు, స్కూలుకి రెండు బస్సులు. మీ పాప బడికి దూరం ఎంతో చూసుకుని, మరీ దూరమైతే వెంటనే చెప్పండి. అయినా ఆ ఏడు వారాలు రాత్రి నిద్ర పట్టింది. 2019లో అది కూడా లేదు.

తిరిగొచ్చాక హాల్లో కొత్త ప్లాస్టర్ గులాబీ రంగులో మచ్చలు మచ్చలుగా ఉంది. పెయింట్ మీరే వేసుకోవాలి అన్నారు. 1985 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం ఇంటి కట్టడం, నీళ్ళు, కరెంటు, గ్యాస్, హీటింగ్ రిపేర్లు కౌన్సిల్ బాధ్యత. ఆ రిపేర్ వల్ల పాడైన గోడని మునుపటిలా చేసివ్వడం కూడా అందులో భాగమే. పని ముందు తీసిన ఫోటోలు జతచేసి ఫిర్యాదు పెట్టాం. మొదటి మెట్టు ఫిర్యాదుకి 10 పని దినాల్లో, రెండో మెట్టుకి 20 పని దినాల్లో జవాబివ్వాలి. అప్పటికీ కాకపోతే ఇళ్ళ ఫిర్యాదులు స్వతంత్రంగా విచారించే హౌసింగ్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. మాకు మొదటి మెట్టులోనే పెయింటర్‌ని పంపారు. కాబట్టి ప్రతి గోడనీ, ప్రతి మూలనీ, ఫ్లోరింగ్‌నీ పని మొదలయ్యే ముందు రోజు తేదీ పడేలా ఫోటో తీయండి.

బూజు, చెమ్మ ఇప్పటికే ఉంటే కొత్త కిచెన్ దాకా ఆగకండి. రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఫ్లాట్‌లో 2020 డిసెంబరులో చనిపోయిన రెండేళ్ళ బాబు అవాబ్ ఇషాక్ పేరు మీద ఇంగ్లండ్‌లో చట్టం వచ్చింది. 2025 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఉందని చెబితే 10 పని దినాల్లో వచ్చి చూడాలి, ఆరోగ్యానికో ప్రాణానికో తక్షణ ప్రమాదం ఉన్నదైతే 24 గంటల్లో. సమయానికి ఇంటిని సురక్షితం చేయలేకపోతే వాళ్ళ ఖర్చుతో వేరే చోటు చూపించాలి. ఉబ్బసం మనిషి ఉన్న ఇంట్లో ఇది మీకు పెద్ద అండ.

మీ సొంత డబ్బుతో లామినేట్ వేయించుకుందామా అని చివర్లో అడిగారు. రాతపూర్వకంగా అనుమతి లేకుండా వద్దు. సెక్యూర్ టెనెంట్ (గట్టి అద్దె హక్కులున్న కౌన్సిల్ అద్దెదారు) అయితే సరైన కారణం లేకుండా వాళ్ళు కాదనకూడదు. అయితే పై అంతస్తుల్లో లామినేట్‌కి కింది వాళ్ళకి చప్పుడు అన్న కారణం చూపిస్తారు. మాకు తెలిసిన ఒకావిడ అనుమతి లేకుండా వేయించుకుని, ఇల్లు ఖాళీ చేసినప్పుడు తీసేసిన ఖర్చు కట్టింది. అనుమతితో చేయించుకున్న కొన్ని రకాల పనులకి మాత్రం ఇల్లు వదిలేటప్పుడు పరిహారం అడగొచ్చు, ఒక్కో పనికి 50 నుంచి 3,000 పౌండ్ల దాకా. రసీదులు దాచుకోండి.

వచ్చే బుధవారం సర్వేయర్ వస్తున్నాడన్నారు కదా. ఆయన ఫారంలో, ఆ ఇంట్లో ఎవరెవరు నివసిస్తున్నారో రాసే గడి ఉంటుంది. అందులో మీ అత్తగారి ఉబ్బసం, ఇన్‌హేలర్ సంగతి రాసేదాకా సంతకం పెట్టకండి. డాక్టరు లెటర్ అప్పటికి చేతికి రాకపోతే, రాగానే పంపుతామన్న మాట కూడా అక్కడే రాయించి, ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకోండి.